బీరపూత మీద వాలని ఈగలు

నాకు ఉద్యోగం వచ్చేనాటికి పత్తి అంటే నూలు. చెట్టు సంగతి తెలియదు. మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. నాన్న చీర నేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టేది. ఆ చప్పుడులోనే నేను చదువుకున్నాను. వ్యవసాయం చదివితే ఉద్యోగం తొందరగా వస్తుందని ఎవరో చెబితే నమ్మి అందులో చేరాను. నిజంగానే తొందరగా వచ్చింది. విస్తరణ అధికారిగా మొదటి వారం అమరచింత దగ్గర ఒక రైతు పత్తి చేనుకు వెళ్లి, గట్టు మీద నిలబడి, "ఇది కందేనా?" అని అడిగాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"మేడం, నువ్వు మాకు జెప్పనీకె వచ్చినవా, నేర్వనీకె వచ్చినవా?"

ఆ పూట అవమానంగా తోచింది. ఇప్పుడు తలుచుకుంటే, నా ఉద్యోగం మొత్తంలో నన్ను ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే అనిపిస్తుంది. నేర్చుకోవడానికి వచ్చానని ఆ రోజు చెప్పి ఉంటే బాగుండేది. నేను చెప్పడానికే వచ్చాననుకున్నాను. చెబుతూనే ముప్పై ఏళ్లకు పైగా గడిపి, పోయిన ఏడాది పదవీ విరమణ చేశాను.

కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలో మీకు పుస్తకాల్లో దొరుకుతుంది. బదిలీలు, సర్వీసు పుస్తకం, పై వాళ్లతో ఎలా నెగ్గుకురావాలో ఆఫీసులో ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక గట్టు గురించి, ఆ గట్టు మీద బతికిన ఈగల గురించి, వాటితోపాటు నేను పాడుచేసిన ఒక మనిషి పేరు గురించి. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి.

పావుగంట

నా మొదటి పై అధికారి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు ఆకులు ఉండేవి, సగం ఎండినవి. ఆయన నాకు పెట్టిన నియమం ఒక్కటే. చేనుకు వెళ్లాక పావుగంటసేపు నోరు తెరవకూడదు. నిలబడు, కూర్చో, నడువు, ఏమైనా చెయ్యి, మాట్లాడకు.

"ఎందుకు సార్?" అని అడిగాను.

"చేను నిన్ను సూసి సప్పుడు బంద్ వెడ్తదమ్మా. మల్ల మొదలువెట్టేదాంక ఆగాలె" అన్నారు.

అప్పట్లో అది పెద్దాయన చాదస్తమనుకున్నాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మనిషి వెళ్లగానే గట్టు మీద పురుగూ పుట్రా కదలడం మానేస్తాయి. కాసేపటికి ఒక్కొక్కటే బయటికొస్తాయి. మట్టిలో పెన్సిల్ మొన పట్టేంత బొరియలు ఉంటాయి, వాటిలోంచి పుప్పొడి మోసే చిన్న ఈగలు తలలు బయటపెట్టి చూస్తాయి. అవి గుంపుగా ఉండవు, పట్టు పెట్టవు, తేనె ఇవ్వవు. ఒక్కొక్కటి ఒక్కో బొరియలో బతుకుతుంది. ఎండిన కట్టెలను తొలుచుకుని నల్లటి తుమ్మెదలు ఉంటాయి. రేగు కంపలో అరచేయంత పట్టు పెట్టే చిన్న తేనెటీగలు ఉంటాయి. జిల్లేడు మీద గొంగళిగా మొదలై నారింజ రంగు రెక్కలతో లేచిపోయే సీతాకోకచిలుకలు ఉంటాయి. ఈ పేర్లూ వివరాలూ నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. కాలేజీలో పురుగు అంటే చంపాల్సినది.

పావుగంట నియమం నేను నాలుగైదేళ్లు పాటించాను. ఆయన రిటైరయ్యారు. తర్వాత ఊళ్లు పెరిగాయి, సమావేశాలు పెరిగాయి, ఫోటోలు తీసి పంపాల్సిన రోజులు వచ్చాయి. పావుగంట దొరకడం మానేసింది. నిజం చెప్పాలంటే దొరకలేదని కాదు, నాకే ఓపిక పోయింది. చూడగానే చెప్పగలననే పొగరు వచ్చింది.

క్రాసింగ్

గద్వాల చుట్టుపక్కల విత్తనపత్తి పండిస్తారు. దూది కోసం వేసే పత్తికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ ఆడచెట్ల వరసలు వేరు, మగచెట్ల వరసలు వేరు. సాయంత్రం ఆడచెట్ల మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, గోటితో గిల్లి, లోపలి పుప్పొడి తిత్తులను తీసేసి, మీద చిన్న ఎర్ర కాగితం ముక్క తొడుగుతారు. పొద్దున మగపూలు కోసుకొచ్చి, ఆ కాగితం తీసి, మెల్లగా రాస్తారు. దీన్ని అందరూ క్రాసింగ్ అనే అంటారు. ఈగ చేయాల్సిన పనిని ఆడవాళ్ల వేళ్లు చేస్తాయి. గోరు కాస్త లోతుగా దిగితే మొగ్గ రాలిపోతుంది. పైపైన గిల్లితే పుప్పొడి మిగిలిపోయి విత్తనం కల్తీ అవుతుంది.

అందుకే అక్కడ చేతికి పేరుంటుంది. ఫలానా ఆమె చెయ్యి మంచిది, ఆమె తాకిన మొగ్గ నిలుస్తుంది అంటారు. సీజన్ రాకముందే అలాంటి వాళ్ల ఇళ్లకు రైతులు వెళ్లి మాట తీసుకుంటారు. ఊరి పేరు రాయను కానీ, ఆ ఊళ్లో అందరికంటే మంచి చెయ్యి సవారమ్మది. అప్పటికి నలభై దాటిన మనిషి. పెనిమిటి లేడు, ఒక కొడుకు. తిమ్మప్ప అనే రైతు చేన్లో ఏటా ఆమే ముందు వరస పట్టేది. ఆమె గిల్లుతుంటే చూడటం నాకు ఇష్టం. నాన్న తెగిన పోగును చూడకుండానే వేలితో అందుకుని ముడి వేసేవాడు, అలాగే ఉండేది.

తిమ్మప్ప చేనుకు ఆనుకుని, ఒక గట్టు అవతల, సవారమ్మ ఎకరంన్నర కౌలుకు తీసుకుంది. అందులో బీర పెట్టింది. కూలి పని ఎంత చేసినా ఆమె మనసంతా ఆ చేను మీదే. "మంది చెట్లకు కాయ నిలవెడ్తున్న గద మేడం, నా చెట్లకు నిలవెట్టుకోనా?" అనేది.

బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పత్తి పొద్దున, బీర సాయంత్రం. మొగ్గలు గిల్లే పని ముగించుకుని, గట్టు దాటి, తన చేన్లో కూర్చునేది. ఆ గట్టు వెడల్పైనది, ఎన్నడూ ఎవరూ ముట్టనిది. తంగేడు, జిల్లేడు, రేగు కంప, తుత్తురబెండ, గునుగు, అన్నీ కలిసి నడుం ఎత్తు పెరిగి ఉండేవి. చుట్టుపక్కలంతా మందు కొట్టే పత్తే కాబట్టి, ఈగలకూ రెక్కల పురుగులకూ మిగిలింది ఆ ఒక్క గట్టే. ఈ మాట ఇప్పుడు సులువుగా రాస్తున్నాను. అప్పుడు నాకు అక్కడ చెత్త కనిపించింది.

మాదిరి గట్టు

ఆ ముందటి ఏడాది తిమ్మప్ప విత్తనం పరీక్షలో తప్పింది. కల్తీ ఉందని కంపెనీ వాళ్లు తిప్పి పంపారు. ఏడాది కష్టం ఒక్క కాగితంతో పోయింది. ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"తేనెటీగలే మేడం. ఎర్ర కాయితం తీసుడు ఆలస్యం, వచ్చి వాల్తయి. యాడియాడి పుప్పొడో తెచ్చి పూస్తయి. గా గట్టు మీద పట్టులున్నయి. పరేషాన్ అయితున్న."

ఈగల వల్ల కొంత కల్తీ అవుతుంది, కాదనను. కానీ ఎక్కువ భాగం గిల్లకుండా తప్పిపోయిన మొగ్గల వల్ల అవుతుంది. పనిచేసే వాళ్లు తక్కువై, పని ఎక్కువైనప్పుడు మొగ్గలు తప్పిపోతాయి. ఆ మాట అంటే ఆడవాళ్లు బాధపడతారు, ఇంకొందరిని పెట్టుకోమంటే తిమ్మప్ప బాధపడతాడు. ఈగ మీద వేస్తే ఎవరికీ కోపం రాదు. నేను ఈగ మీద వేశాను.

అదే సీజన్లో పత్తి రసం పీల్చే పిండినల్లి వస్తోందని, దానికి ఆశ్రయమిచ్చే కలుపును గట్ల మీద తీయించాలని పైనుంచి కబురు వచ్చింది. తీయాల్సిన మొక్కల పేర్లు రెండో మూడో ఉన్నాయి. నేను వాటి కోసం వెతికే ఓపిక లేక, గట్టు మొత్తం గీకించమన్నాను. నా చేత్తో చీటీ రాసిచ్చాను. కంప కొట్టి కాల్చాలి, మిగిలిన దాని మీద గడ్డిమందు కొట్టాలి. తిమ్మప్ప కూలికి మనుషులను పెట్టాడు. అందులో సవారమ్మ ఉంది.

రేగు కొమ్మకు తేనెపట్టు ఉంది. దాని దగ్గర అందరూ ఆగిపోయారు.

"దాన్ని ఇడ్సిపెడ్దామా మేడం?" అని సవారమ్మ అడిగింది.

"దాన్నే ముందు తీయాలి" అన్నాను.

మిగతావాళ్లు వెనక్కి జరిగారు. ఆమె నా మొహం చూసింది, ఇంకోసారి ఏమైనా అంటానేమోనని. నేను కొమ్మ వైపు చెయ్యి చూపించాను. ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని, మండుతున్న కట్టె తీసుకుని పట్టు కింద పెట్టింది. చీరంచు కాలింది. చేతి మీద రెండు చోట్ల కుట్టాయి. "పోయినయ్ మేడం" అని వచ్చి చెప్పింది. మేడం చెబితే మంచికే చెబుతుందని నమ్మిన మనిషి ఆమె.

గట్టు తుడిచిన అరుగులా తయారైంది. అప్పటి నా పై అధికారి వచ్చి చూసి మురిసిపోయారు. మనిషి చెడ్డవారు కాదు. కానీ ఆయనకు శుభ్రంగా కనిపించేదంతా మంచిదే. దానికి మాదిరి గట్టు అని పేరు పెట్టారు. పక్క ఊళ్ల రైతులను తీసుకొచ్చి చూపించమన్నారు. తీసుకొచ్చాను, నిలబడి ఉపన్యాసం ఇచ్చాను, ఫోటోలు పంపాను. నాలుగు ఊళ్లలో గట్లు గీకించాను. నా ఉద్యోగంలో అంత పేరు నాకు ఎప్పుడూ రాలేదు.

రెండు చీటీలు

ఇరవై రోజులకు సవారమ్మ ఆఫీసుకు వచ్చింది. కొంగులో మూట కట్టుకొచ్చిన బీరపిందెలు బల్ల మీద పోసింది. వేలెడంత పిందెలు, పసుపుబారి, ముడుచుకుపోయి ఉన్నాయి.

"పూత మస్తుగున్నది మేడం. పిందె గూడ పడుతున్నది. రెండు దినాలకు గిట్లయి రాలుతున్నది."

నేను కుర్చీలోంచి లేవలేదు. పిందెలో గుడ్లు పెట్టి పాడుచేసే పండు ఈగ అయి ఉంటుందని ఒక చీటీ రాశాను. ఆమె ఆ మందు తెచ్చి కొట్టింది. వారం తర్వాత మళ్లీ వచ్చింది, మళ్లీ పిందెలే. ఈసారి సూక్ష్మపోషకం లోపం అని ఒకటి, దానికి తోడు ఇంకో పురుగుమందు రాశాను. గట్టు పోయాక ఎక్కడైనా ఒకటో రెండో ఈగలు మిగిలి ఉంటే, వాటినీ నా రెండు చీటీలే చంపి ఉంటాయి.

మూడోసారి ఆమె పిందెలు తేలేదు. ఊరికే వచ్చి నిలబడింది. "జర చేనుకు రా మేడం. ఒక్కసారి" అన్నది. ఆ గొంతు విని లేచాను.

మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ఎకరంన్నర నిండా పసుపు. ఏదో చెప్పబోయాను.

"కూసో మేడం. మాట్లాడకు, జర సూడు" అన్నది.

కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాం. ఆ చేన్లో ఒక్క ఈగ చప్పుడు లేదు. ఒక్క పువ్వు మీద ఒక్కటి వాలలేదు. బీరకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. దీనిమీద పుప్పొడి దానిమీదికి ఎవరో ఒకరు మోయాలి. మోసే వాళ్లు లేకపోతే పిందె ఎండి రాలిపోతుంది. ఇది పదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. నేను రెండు చీటీలు రాశాను.

గట్టు వైపు చూశాను. బోడిగా ఉంది.

"ఈగలేడవోయినయ్ మేడం?" అని ఆమె అడిగింది.

నాకు సమాధానం తెలుసు. నా నోట్లోనే ఉంది. ఆ వారంలోనే మాదిరి గట్టు చూడటానికి పెద్ద అధికారులు వస్తున్నారు.

"వాతావరణం" అన్నాను.

ఆమె తలూపింది. తర్వాత తనే లేచి, ఒక మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి విరిచి, పత్తికి చేసినట్టే ఆడపువ్వుకు రాసింది. గుర్తుకు దారం కట్టింది. చీకటి పడేలోగా రెండు సాళ్లు అట్లా చేసింది. పొద్దంతా తిమ్మప్ప చేన్లో అదే పని చేసి వచ్చిన చేతులు అవి. నాలుగు రోజుల తర్వాత నేను వెళ్లి చూశాను. దారం కట్టిన పిందె ఒక్కటి కూడా రాలలేదు. దారం లేనివి రాలుతూనే ఉన్నాయి.

కానీ ఎకరంన్నర బీరకు ఒక్క మనిషి ఎన్ని పూలు తాకగలదు? ఆమె వారం పది రోజులు పోరాడింది. తర్వాత ఒక సాయంత్రం చేన్లోనే కూలబడింది. "ఒక చేనుకు ఈగనైతి. రెండు చేన్లకు యాడ గావాలె మేడం?" అన్నది. తీగ ముదిరింది, పూత ఆగిపోయింది. మరుసటి ఏడాది ఆ చేను ఆమె చేతిలో లేదు. తిమ్మప్ప తీసుకుని అందులోనూ విత్తనపత్తి వేశాడు.

ఉసురు

పంట పోయినందుకే అయితే ఇంత రాసేదాన్ని కాదు. పంటలు పోతాయి. ఊరికి ఒక కారణం కావాలి. నేను ఇవ్వాల్సిన కారణం ఇవ్వలేదు కాబట్టి ఊరే ఒకటి వెతుక్కుంది. తేనెపట్టు కాల్చింది ఎవరు? సవారమ్మ. ఎవరి పూత మీద ఈగలు వాలడం లేదు? సవారమ్మ పూత మీదే. ఈగల ఉసురు తగిలిందన్నారు. ఆ చెయ్యి పువ్వును తాకకూడదన్నారు. ముందటి ఏడాది తిమ్మప్ప విత్తనం తప్పింది కూడా ఆ చెయ్యి వల్లేనేమో అన్నారు. అప్పటికి ఆమె పట్టు కాల్చనే లేదన్న లెక్క ఎవరికీ పట్టలేదు.

మరుసటి సీజన్‌కు తిమ్మప్ప ఆమె ఇంటికి పిలుపుకు వెళ్లలేదు. ఇంకెవరూ వెళ్లలేదు. ఆ ఊళ్లో అందరికంటే మంచి చెయ్యి, ఇటుకల పనికి పోయింది.

ఈ మాటలన్నీ నా చెవిన పడ్డాయి. ఖండించడానికి ఒక్క మాట చాలు. ఒక్క పట్టు కాలినంత మాత్రాన ఈగలు ఊరు వదిలిపోవు, నాలుగు ఊళ్ల గట్లు నేను గీకించాను, అందుకే పోయాయి అని చెప్పాలి. చెబితే మాదిరి గట్టు ఏమవుతుంది, నా పై అధికారి మొహం ఏమవుతుంది అని ఆలోచించాను. నిజానికి నా మొహం ఏమవుతుందో అన్నదే నా భయం. ఆ తర్వాత నాకు గోపాల్‌పేటకు బదిలీ అయింది. బదిలీ అయినందుకు నేను సంతోషించాను. అంత నీచపు సంతోషం నేను మళ్లీ ఎరగను.

పిల్లలూ, మన శాఖలో వాతావరణం అనే మాటకు తిరుగులేదు. ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. తెలియనప్పుడు ఆ మాట వాడితే అది అజ్ఞానం, పోనివ్వవచ్చు. తెలిసి వాడితే ఆ బరువు వెళ్లి ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఎవరో ఒకరు మోస్తారు. సాధారణంగా అందరికంటే పేదవాళ్లు మోస్తారు.

తంగేడు, గునుగు

గోపాల్‌పేటలో నేను మళ్లీ పావుగంట మొదలుపెట్టాను. గట్లు వదిలేయండని చెప్పడం మొదలుపెట్టాను. మాదిరి గట్టు పేరు అక్కడికీ పాకింది. నాలుగు ఊళ్లలో గీకించిన మనిషి వదిలేయమంటే ఎవరు వింటారు? "నిరుడు ఒకతీరు, ఈయేడు ఒకతీరు చెప్తవేంది మేడం, మేం పిచ్చోళ్లలెక్క కనవడ్తున్నమా?" అని ముఖం మీదే అన్నారు. ఈగల గురించి ఎంత చెప్పినా మగవాళ్లు బీడీ ముట్టించుకునేవారు.

ఆడవాళ్లే దారి చూపించారు. గడ్డిమందు తెచ్చిన ఒకాయనను భార్య గట్టు మీదే అడ్డుకుంది. "తంగేడు గునుగు కొట్టేస్తే బతుకమ్మను దేంతోని పేరుస్త? నీ నెత్తి మీద వెంట్రుకలతోనా?" అన్నది. ఆయన నెత్తి మీద అవి కూడా పెద్దగా లేవు. ఆ మందు అలాగే వెనక్కి పోయింది.

ఆ రోజు నుంచి నేను ఈగల మాట తగ్గించి, మహిళా సంఘాల్లో తంగేడు మాట ఎత్తాను. వానాకాలంలో గట్టు మీద పూలు ఉంచండి, పండుగ అయ్యాక కావాలంటే కోసుకోండి, వేర్లు పీకకండి, మందు కొట్టకండి. వాళ్లకు అది కొత్త సంగతి కాదు, వాళ్ల పండుగ. తంగేడు ఆకు తిని పసుపు రెక్కల సీతాకోకచిలుకలు పెరిగాయి, గట్టు మట్టిలో బొరియలు మళ్లీ కనిపించాయి. తర్వాత తెలకపల్లి వైపు పనిచేసినప్పుడు కూడా ఇదే చేశాను. కొన్ని గట్లు నిలిచాయి, కొన్ని ట్రాక్టరుకు దారి కోసం పోయాయి. గెలిచానని చెప్పను.

ఒక హెచ్చరిక. సీతాకోకచిలుకను అందరూ ప్రేమిస్తారు, ఫోటోకు బాగుంటుంది. మట్టి రంగు ఈగను ఎవరూ ప్రేమించరు. మీరు మాత్రం ఈగ వైపు చూడండి. ఇంకో సంగతి, పెట్టెల్లో తేనెటీగలు తెచ్చి పెడితే సరిపోతుందని కొందరు అంటారు. పెట్టెలు తెచ్చేవాళ్లు పూత అయిపోగానే తీసుకుపోతారు. గట్టు ఈగలు ఎక్కడికీ పోవు. మనం చంపితే తప్ప.

తిమ్మప్ప చేన్లో

పదకొండేళ్ల తర్వాత, ఈ వానాకాలంలో, నేను ఆ ఊరికి వెళ్లాను. ఉద్యోగం లేదు కాబట్టి పోయే పేరు లేదు. అందుకే ధైర్యం వచ్చిందని ఎవరైనా అంటే, ఒప్పుకుంటాను.

సవారమ్మ ఇంటి ముందర చాట పట్టుకుని కూర్చుంది. నన్ను గుర్తుపట్టి, కోడలితో చాయ్ పెట్టించింది. పక్కన కాస్త పెరడు ఉంది. టమాట, గోంగూర ఉన్నాయి. బాగున్నాయి అన్నాను.

"నేను పెట్టలే మేడం, కోడలు వెట్టింది. నేను ఇత్తు ముట్ట" అన్నది.

అప్పటి నుంచి ఒక్క గింజ కూడా తన చేత్తో మట్టిలో వేయలేదట. ఊరు అన్నమాటను ఆమె కూడా నమ్మింది. చాయ్ గ్లాసు కింద పెట్టాను. చెప్పాను. గట్టు సంగతి, చీటీల సంగతి, ఆ సాయంత్రం నాకు తెలిసి కూడా వాతావరణం అన్న సంగతి. దారం కట్టిన పిందె ఒక్కటీ రాలలేదని, ఆమె చెయ్యి మంచిదేనని, చెడ్డది నేను రాసిన చీటీ అని. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు. తన చేతుల వైపు చూసుకుంది.

"నాకు జెప్పినవ్, బాగనే ఉన్నది. నన్ను అన్నది నేను గాదు గద మేడం. ఊరు అన్నది. ఊరికి జెప్పు."

తిమ్మప్ప చేన్లో క్రాసింగ్ నడుస్తోంది. ఒకప్పుడు బీర ఉన్న చోట కూడా ఇప్పుడు పత్తే. ఆడవాళ్లు వరసల్లో వంగి ఉన్నారు. సవారమ్మ నా వెనక గట్టు మీద నిలబడింది, చేన్లోకి దిగలేదు. తిమ్మప్ప ముసలివాడయ్యాడు. నేను మైకు లేకుండా మాట్లాడిన మొదటి ఉపన్యాసం అదేనేమో. గీకించమన్నది నేను, కాల్చమన్నది నేను, నాలుగు ఊళ్ల ఈగలను పోగొట్టింది నేను, పట్టును ఇడ్సిపెడ్దామా అని ఆమె అడిగింది కూడా అని చెప్పాను. గిల్లే చేతులు ఆగిపోయాయి.

వాళ్లలో పెద్దామె ఒకరు నడుం పట్టుకుని లేచి నిలబడింది. "గా ముచ్చట గప్పుడే జెప్పకపోతివి! పదేండ్లు దాని కూడు తీసినం" అన్నది.

తిమ్మప్ప తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "హౌదు మేడం, కూలికి పెట్టింది నేను. నాది గూడ తప్పున్నది" అన్నాడు. తర్వాత గట్టు వైపు తిరిగి, "సవారమ్మా, రేపటి సంది రా" అన్నాడు.

"నా ఏళ్లు వంగుతలేవు తిమ్మప్పా. ఇటుకలు మోసి మోసి పోయినయ్" అని ఆమె జవాబిచ్చింది. అందులో కోపం లేదు. ఉన్నమాట చెప్పింది.

ఇంటికి వచ్చాక కోడలిని పిలిచి, బీరగింజలు ఏమన్నా ఉన్నయా అని అడిగింది. కోడలు ఆశ్చర్యపోయి, డబ్బాలోంచి తీసి ఇచ్చింది. సవారమ్మ పెరట్లో గొంతుక్కూర్చుని, వంగని వేలితో మట్టిలో గుంట చేసి, నాలుగు గింజలు పెట్టి కప్పింది. చేతులు దులుపుకుని నా వైపు చూసింది.

"ఇది కాస్తె నువ్వు జెప్పింది నిజమనుకుంట. నా చెయ్యి మంచిదే అనుకుంట. రాలితే మాత్రం ఊరు అన్నదే నిజం మేడం."

నేను సరే అన్నాను. అనకుండా ఏం చేయగలను?

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ఊరి చుట్టూ గట్లు చూసుకుంటూ నడిచాను. నేను గీకించినవి గీకించినట్టే ఉన్నాయి, ఏటా మందు కొడుతూనే ఉన్నారు. ఒక కాలువ పక్కన మాత్రం నాలుగు తంగేడు మొక్కలు కనిపించాయి. పావుగంట నిలబడ్డాను. చిన్న ఈగ ఒకటి వచ్చింది. ఇంకోటి వస్తుందేమోనని ఇంకాసేపు నిలబడ్డాను.

నిన్న కోడలు ఫోన్ చేసింది. తీగ పందిరి ఎక్కిందట, పూత మొదలైందట. సవారమ్మ చెయ్యి మంచిదని ఊరందరి ముందు చెప్పి వచ్చాను. ఆ మాట నిలబెట్టాల్సింది ఇప్పుడు ఈగలే. వాటిని ఆ ఊళ్లో లేకుండా చేసింది నేను.